సాయంత్రం బస్సు

పాలవ్యాను ఆగేసరికి నర్సు రోడ్డు పక్కన నిలబడే కునుకు తీస్తోంది.

"ఎక్కు చెల్లీ! అలా తూగావంటే నా వ్యాను కిందే పడతావు" అంది వ్యాను నడిపే ఆవిడ.

నర్సు సంచీ గుండెలకు హత్తుకుని ఎక్కింది. మూడు రోజుల వరస డ్యూటీ ముగించి, ఇంటి గడపైనా తొక్కకుండా బయల్దేరిన మనిషి. పొద్దున బస్సు కళ్లముందే వెళ్లిపోయింది. తర్వాతది సాయంత్రానికి గాని లేదు.

"ఎందాకా?"

"కొండ కింది కూడలి దాకా."

వ్యాను ఆవిడ ఆమెకేసి, ఆ సంచీకేసి చూసింది. గేరు వేసింది.

గని కంపెనీ తవ్వాలనుకున్న చోట కొండవాళ్ల పెద్దల సమాధులున్నాయి. వాటి చుట్టూ గుడారాలు వేసుకుని కొండవాళ్లు నలభై రోజులుగా కూర్చున్నారు. నర్సు తల్లి పుట్టింది ఆ కొండ మీదే. ఆ సంగతి ఆసుపత్రిలో ఇన్నేళ్లుగా ఎవరికీ చెప్పలేదు. మొన్న గుడారాల దగ్గర లాఠీలు లేచాయి. నిన్న కొండ మీది నుంచి పెద్దమ్మ ఫోన్ చేసింది.

"తలలు పగిలాయి తల్లీ. పొద్దున వచ్చిన డాక్టర్ని పోలీసులు దారిలోనే వెనక్కి పంపేశారు. నర్సునని ఎవరికీ చెప్పకు."

కూడలిలో దిగేటప్పుడు వ్యాను ఆవిడ నీళ్ల సీసా చేతిలో పెట్టింది. "జాగ్రత్త. ఎవరిని పడితే వాళ్లని నమ్మకు."

నర్సు తల ఊపింది. ఎండ మాడ్చేస్తోంది. కాళ్లు వాచి బరువెక్కాయి.

పావుగంటకు ఓ పాత జీపు వచ్చి ఆగింది. నడుపుతున్నాయనకు నలభై అయిదేళ్లుంటాయి. మాసిన గడ్డం. ఎడం కన్ను కింద కమిలిన మచ్చ. ఒంటిమీద కంపెనీ చొక్కా.

"బస్సులో వచ్చారా అమ్మా?"

"లేదు."

ఆయన రోడ్డుకు రెండు వైపులా చూసి గొంతు తగ్గించాడు. "దారిలో నర్సమ్మ ఎవరైనా కనిపించారా? కొండ మీదికి వెళ్లే ఆవిడ?"

అప్పుడే కంపెనీకి ఉప్పందిందన్నమాట!

"ఆసుపత్రి దగ్గర ఒకావిడ సాయంత్రం బస్సుకి వస్తానంటోంది" అంది తడుముకోకుండా. అంత బాగా అబద్ధమాడగలనని ఆమెకే తెలీదు.

"సాయంత్రం బస్సుకా!" ఆయన ముఖం వాడిపోయింది. "సరే. మీరెక్కడికి?"

"కంపెనీ క్వార్టర్స్‌కి. మా అక్క అక్కడే ఉంటుంది."

ఆ మాట వినగానే ఆయన ఆమెను ఎగాదిగా చూశాడు. కాసేపు స్టీరింగు మీద వేళ్లు ఆడించాడు.

"ఎక్కండి. ఈ ఎండలో నడవలేరు."

నడవలేనన్నది నిజమే. ఎక్కింది.

వంతెన దగ్గర పోలీసులు ఆయన చొక్కా చూసి చెయ్యి ఊపి వదిలేశారు. నర్సు అనుమానం మరింత గట్టిపడింది. గతుకుల్లో జీపు ఎగిరినప్పుడల్లా ఆయన పక్కటెముకలు పట్టుకుని పళ్లు బిగించాడు. మామూలుగానైతే ఏమైందని అడిగేది. అడగలేదు.

క్వార్టర్స్ మలుపులో దించి, "మీ అక్కని అడిగానని చెప్పండమ్మా" అని నవ్వబోయాడు ఆయన.

ఆమె ముఖం తిప్పుకుంది.

జీపు వెనక్కి తిరిగి కూడలివైపు దిగిపోయింది. అది కనుమరుగయ్యాక నర్సు రోడ్డు వదిలి కొండదారి పట్టింది. నాలుగు మైళ్ల ఎక్కుడు. రెండుచోట్ల కూలబడింది. ఒకచోట ఎందుకొచ్చిన బాధరా దేవుడా అని ఏడ్చింది కూడా.

గుడారాలు కనిపించేసరికి పొద్దు వాలింది. సమాధులకు పది అడుగుల దూరంలో బుల్డోజర్ చలనం లేకుండా నిలబడి ఉంది.

"ఇదెలా ఆగింది పెద్దమ్మా?"

"అదంతా తర్వాత. ముందు ఈ పిల్ల తల చూడు, చీము పడుతోంది."

నర్సు చేతులు కడుక్కుని కూర్చుంది. పదకొండు మందికి కట్లు కట్టింది. నడుం విరిగిపోతున్నా లేవలేదు. చివరి కట్టు ముడి వేస్తుండగా, కింది నుంచి అడ్డదారిన ఒకావిడ రొప్పుకుంటూ వచ్చింది.

"పట్టుకుపోయారు పెద్దమ్మా! మన జీపాయన్ని పట్టుకుపోయారు. కూడలిలో కంపెనీ మేనేజరు గుర్తుపట్టాడు."

పెద్దమ్మ లేచి నిలబడింది. "నర్సు కనిపించకపోతే మధ్యాహ్నానికల్లా వచ్చేయమన్నానే! అంతసేపు అక్కడేం చేస్తున్నాడు?"

"ఎవరో చెప్పారట, నర్సు సాయంత్రం బస్సుకి వస్తుందని. ఆవిణ్ణి తీసుకురాకుండా కదలనని అక్కడే నిలబడ్డాడు."

నర్సు సగం వేసిన ముడి వదిలేసి లేచింది.

"ఆయన... ఆయన కంపెనీ మనిషి కదా?" అంది నర్సు.

పెద్దమ్మ ఆ బుల్డోజర్ వైపు తిరిగింది.

"మొన్న మా ఆడవాళ్లం దాని ముందు పడుకుంటే, నడపమని పైవాళ్లు ఎంత అరిచినా వినకుండా ఇంజన్ ఆపేసి, దిగొచ్చి మా పక్కనే పడుకుని, అందరికంటే ఎక్కువ దెబ్బలు తిన్న డ్రైవరు తల్లీ ఆయన!"