మిషనుతో పాటు ఉచితం

"బుద్ధుందట్రా నీకు?" గుమ్మంలోనే బామ్మర్దిని కడిగేశాను. "రేటు పెంచమన్నాను గానీ కొనమన్నానా?"

మా ఆవిడ కుట్టుమిషను ఫోన్లో వేలానికి పెట్టింది నేనే. ఇల్లంతా గుడ్డపీలికలు, రోజంతా టకటక, పైగా మాటమాటకీ "నా సంపాదన" అని దెప్పడం. తనకి చెప్పకుండా పెట్టేశాను. పాట ఊపందుకోవాలని, "మిషనుతో పాటు ఉచితం: మా ఆవిడ మీ ఇంటికొచ్చి కుట్టు నేర్పుతుంది" అని కూడా రాశాను. దొంగపేరుతో పాట పెంచి, అసలు బేరం తగలగానే తప్పుకోరా అని వీడికి అప్పజెబితే, చివరిదాకా పాడి గెలిచి కూర్చున్నాడు.

"దొంగపేరుతో కాదు బావా, సొంత పేరుతోనే పాడాను. డబ్బు కూడా కట్టేశాను" అన్నాడు వాడు, నా కళ్లలోకి చూస్తూ. "ఇవ్వనన్నారో, వేలం వాళ్లకి ఫిర్యాదు చేస్తాను. ఇక అక్కడ మిమ్మల్ని ఎవడూ నమ్మడు."

"నీకెందుకురా మిషను? సూదిలో దారం ఎక్కించడమైనా వచ్చా నీ మొహానికి?"

"రాదు" అంది మా ఆవిడ, వెనక నుంచి.

తిరిగి చూస్తే, భుజాన బట్టల సంచి, రెండు చేతుల్లో మిషను.

"నన్ను కూడా ఉచితం కింద రాశారుగా. మాట తప్పితే మీకే పరువు తక్కువ" అంటూ నన్ను తప్పించుకుని గుమ్మం దిగింది. "వీడసలే మొద్దు. నేర్చుకునేసరికి ఎన్నేళ్లు పడుతుందో."