సుద్దగీత

రెండో యార్డులో మొదటి కారు వెనక తలుపు మీద సుద్దగీత కనిపించేసరికి వెంకటేశు గుండె ఝల్లుమంది.

ఆ గీత తను గీసిందే. కానీ గీసింది ఇక్కడ కాదు, రేకుల గోడకు అవతల, మొదటి యార్డులో. సర్కారు పంపిన ఆఫీసరమ్మ దేవకుమారి కార్లు లెక్కపెడుతుంటే, గొడుగు పట్టుకుని వెంట నడిచిన వాచ్‌మన్ వెంకటేశు, లెక్కయిన ప్రతి బండికీ ఓ గీత గీసుకుంటూ వచ్చాడు. గీయమని ఎవరూ చెప్పలేదు. గొర్రెల మంద వెంట పెరిగిన చెయ్యి, లెక్క వినిపిస్తే ఊరుకోదు. లెక్కకొచ్చిన గొర్రె వీపున గుర్తు పెట్టకపోతే అదే మళ్లీ లెక్కలోకి వస్తుంది మరి.

"నూటొకటి," అని రాసుకుంది దేవకుమారి.

నూటరెండో కారుకూ గీత ఉంది. నూటమూడోదానికీ ఉంది. ఇంతసేపూ ఒక్క ఇంజను చప్పుడు వినలేదు. ఒక్క డ్రైవరూ కనబడలేదు.

జమ్మలమడుగు రోడ్డు మీది ఆ కార్ల కంపెనీ ప్రాణమంతా ఆ లెక్కలోనే ఉంది. నష్టాల్లో కూరుకుపోతే ప్రభుత్వం ఒకసారి ఆదుకుంది. మళ్లీ ఆదుకోవాలంటే, మొదటి సాయంతో తయారైన ఆరువందల కార్లు కళ్లెదుట కనిపించాలి. ఆరు యార్డులు, యార్డుకు వంద. తగ్గితే రేపే గేటుకు తాళం. నాలుగువందల మంది ఇళ్లకు పోవాలి. అందులో వెంకటేశు కూతురు నాగవేణి కూడా ఉంది.

యార్డు సూపర్‌వైజరు అమ్జద్‌ను పక్కకు లాగాడు వెంకటేశు. "అప్పా, ఈ బండ్లు ఆ పక్క ఉండినవి గదా? ఈడికి ఎట్లొచ్చినాయి?"

"ఎండకు నీకు కండ్లు తిరుగుతాండాయి మామా. పోయి నీళ్లు తాగు," అన్నాడు అమ్జద్. అతని పెదాలు మాత్రం తడారిపోయి ఉన్నాయి.

యార్డు లెక్క పూర్తి కాగానే మళ్లీ టీ అన్నాడు అమ్జద్. మొదటి యార్డు అయ్యాక కూడా అరగంట టీకే పోయింది. అప్పుడు దేవకుమారి ఫోను చెవికి ఆనించుకుని రేకుల గోడ దగ్గరే చాలాసేపు నిలబడింది. తిరిగొచ్చి గ్లాసుడు నీళ్లు గటగటా తాగింది. ఈసారి యార్డు బయటి షెడ్డులో గోడకు వీపు పెట్టి కూర్చుంది.

"వెంకటేశప్పా, మునిగిపోయే కంపెనీకి సర్కారు దుడ్లు పోసేది న్యాయమేనా? నువ్వేమంటావు?" అని ఉన్నట్టుండి అడిగింది.

వెంకటేశు తడబడ్డాడు. "నాకేం తెలుసు మేడమ్. కరువులో మా జీవాలకు సర్కారే గడ్డి పోసింది. బతికినాయి, మమ్మల్ని బతికించినాయి. కానీ చచ్చినదాని ముందర ఎంత గడ్డేస్తే ఏం లాభం?"

"చచ్చిందో బతికుండాదో ఎట్ల తెలుస్తాది?"

"చెయ్యేసి చూస్తే తెలుస్తాది మేడమ్."

ఆ మాట వెంకటేశును కూర్చోనివ్వలేదు. లేచి పోయి, యార్డు గేటు వారనే ఉన్న కారు బానెట్ మీద అరచేత్తో తట్టాడు. ఖాళీ డబ్బా మోగినట్టు మోగింది. లోపల ఇంజనే లేదు.

చేతికి నిప్పు తగిలినట్టు వెనక్కి లాక్కున్నాడు. ఇంజను లేని బండి గోడ దాటి ఎలా వచ్చింది? బయట గోడ వెంటే యార్డు చివరికి నడిచి, రేకు తుప్పుపట్టి విరిగిన సందుకు కన్ను ఆనించాడు.

తెల్లకార్లు కదులుతున్నాయి.

లోపల ఎవరూ లేరు. చప్పుడు లేదు. ఒకదాని తోక పట్టుకుని ఒకటి, సాయంత్రం దొడ్డికి మళ్లే గొర్రెల్లా, వెనక గేటు గుండా మూడో యార్డులోకి పోతున్నాయి. భయం కొద్దీ వెంకటేశు చూపు నేలకు దించాడు.

కార్ల వెనక కాళ్లున్నాయి. చప్పుడు కాకూడదని చెప్పులు విడిచిన కాళ్లు. బండికి ఇద్దరు, కొన్నిటికి నలుగురు, నడుములు వంచి నెడుతున్నారు. ఒక కాలికి నల్లదారం, దారానికి గవ్వ. పొద్దున్నే దిష్టి తగలకుండా కూతురికి తనే కట్టిన గవ్వ అది.

బండ్లు తోసినవాళ్లు తప్పుకోగానే, మూడో యార్డులోకి అందరికంటే ముందు పరుగెత్తాడు వెంకటేశు. భుజం మీది తువ్వాలుతో సుద్దగీతలు తుడవసాగాడు. చేసేది తప్పని తెలుసు. సర్కారు సొమ్మంటే ఊరందరి సొమ్మనీ తెలుసు. అయినా చెయ్యి ఆగలేదు. కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి.

"ఏంది తుడుస్తాండావు?"

వెనక దేవకుమారి. ఆమె వెంట ఎవరూ లేరు. తువ్వాలు జారి నేలమీద పడింది.

"దుమ్ము మేడమ్, దుమ్ము..."

ఆమె తువ్వాలు వైపు చూసింది. ఆ పక్కనే, ఎర్రమట్టిలో, కారు వెనక పచ్చిగా పడి ఉన్న అడుగుల గుర్తులు చూసింది. వెంకటేశు చేతులు జోడించాడు. ఆమె నోట్‌బుక్ తెరిచి మూడువందలు అని రాసింది. తర్వాత చెప్పుకాలితో ఆ అడుగులను ఒక్కొక్కటిగా చెరిపేయడం మొదలుపెట్టింది.

"మేడమ్... మీరు చూసినారా?"

"మొదటి టీ అప్పుడే గోడ రేకు సందులోంచి చూసినా," అంది దేవకుమారి, అడుగులు చెరుపుతూనే. "కాలికి గవ్వ కట్టుకున్న పిల్ల ఉండాదే, దాని పక్కన బండి తోస్తాండేది నా కొడుకు."