చివర్లో తాటిచెట్టు

శుక్రవారం చేయాల్సిన పనులు భూమేశ్ ముందురోజే రాసుకున్నాడు. సైకిల్ టైర్లకు గాలి. రెండు సీసాల నీళ్లు. ఖర్జూరాలు. తెల్లారకముందే తానుండే అల్ ఖౌద్ దాటడం. పొద్దుగూకేలోగా ఇబ్రా. అక్కడ నాన్నను ఎరిగినవాళ్లు ఒక్కరైనా ఉన్నారేమో అడగడం.

గల్ఫ్‌కు కూలిపనికొచ్చిన నాన్న పన్నెండేళ్ల కింద ఇబ్రాలో, సైట్ మీదే పోయాడు. ఆ ఇంట్లో మొదటి డిగ్రీ భూమేశ్‌ది. ఇప్పుడు అదే దేశంలో ఆఫీసు ఉద్యోగం.

“నూట యాభై కిలోమీటర్లు! బస్సుల పోరా పిచ్చోడా,” అన్నాడు రూమ్‌మేట్ నర్సింగ్.

“మా నాయిన డ్యూటీకి సైకిల్ మీదనే పోయిండు. నేను గూడ గట్లనే పోత.”

మధ్యాహ్నం దాకా బాగానే సాగింది. ఖర్జూర తోటలు, మట్టిగోడల ఊళ్లు. ఒక ఊరి చివర, టీ కొట్టు ముందు వెనక టైరు తుస్సుమంది.

స్పేర్ ట్యూబ్ సంగతి అసలు రాసుకోనేలేదు.

తుప్పు పట్టిన సైకిల్ మీద ఒక ముసలాయన వచ్చి ఆగాడు. చెవిమీద నల్ల మార్కర్.

“మనోనివేనా బిడ్డా?”

“ఎట్ల కనుక్కున్నవ్ కాకా?”

“పంచరు కాంగనే ‘అయ్యో అవ్వా’ అన్నవ్ గద!”

ట్యూబ్ ఊడదీసి పక్కనే పారే కాలువ నీళ్లలో ముంచి, బుడగలొచ్చిన చోట పాత ట్యూబు ముక్క అతికించాడు.

“ఊరేది?”

“కోరుట్ల దగ్గర.”

“దగ్గరంటే? ఊరికి పేరు లేదా?”

భూమేశ్ తన పేరూ ఊరూ చెప్పాడు. ముసలాయన మార్కర్ తీసి అతని నీళ్లసీసా మీద రాశాడు. పేరు, ఊరు, మండలం. చివర్లో చిన్న తాటిచెట్టు.

“ఇదెందుకు కాకా?”

“రోడ్డు మీద ఏమన్నయితే ఎవలింటి పిలగానివో తెల్వాలె.”

“మరి చెట్టు?”

“సదువు రానోళ్లు గుర్తువట్టొద్దా? మేనేజర్లు నంబర్ చాలంటరు. నంబర్‌కు తల్లుంటదా? పదిహేనేండ్ల సంది కొట్లాడి పేర్లు రాస్తున్న. ఎవడాపుతడో చూస్త!”

దేనిమీద రాస్తాడో భూమేశ్ అడగలేదు. ప్రయాణంలో ఆ అపశకునపు మాటకు ఒళ్లు మండింది. ముసలాయన పేరైనా అడక్కుండా బయలుదేరాడు. మలుపు తిరగ్గానే సీసాను గుడ్డతో రుద్దాడు.

పోలేదు.

పొద్దుగూకకముందే ఇబ్రా చేరాడు. కనిపించిన ప్రతివాణ్నీ అడిగాడు. కంపెనీ మారింది, మనుషులు మారారు. నాన్న పేరు ఎవరికీ తెలియదు.

సీసా తగిలించిన సైకిల్ ఫొటో తీసి అమ్మకు పంపాడు. వెంటనే ఫోను.

“ఆ సీస మీద చెట్టు ఎవలు గీసిండ్రురా?” అడిగింది అమ్మ శాంతవ్వ.

“ఎవలో ముసలాయనే అమ్మా.”

“వెనక్కి పో కొడుకా. ఆయన కాళ్లు మొక్కు. నాకు అచ్చరం రాకున్నా ఆ చెట్టు ఎరుకే...”

ఏడుస్తూ ఆమె చెప్పిన మిగతాది విని, భూమేశ్ సీసా మీది చెట్టును మళ్లీ చూసుకున్నాడు.

తెల్లారి డ్యూటీ ఉండి ఆ రాత్రే బస్సెక్కాడు. సెలవు దొరికిన మరుసటి శుక్రవారం మళ్లీ సైకిల్ మీదే ఆ టీ కొట్టుకు వచ్చాడు. కొట్టు నడిపే బాషాది కడప.

“ఆయప్పా? వీసా అయిపోయి మొన్ననే ఇండియాకి పాయనే!”

“ఏ ఊరు? పేరేంది?”

“మేమంతా కాకా అంటాంటిమి. అందరి ఊర్లూ రాస్తాండె. ఆయప్ప ఊరు మాత్రం ఎవురమూ అడగల్యా.”

మీ ఊరికి తిరిగొచ్చినవాళ్లలో చెవిమీద మార్కర్ పెట్టుకున్న పెద్దాయన ఎవరైనా కనబడితే, పేరు తెలియకపోయినా గుర్తుపెట్టుకోండి: పన్నెండేళ్ల కింద భూమేశ్ నాన్న శవం ఇంటికొచ్చిన చెక్కపెట్టె మీద, నంబరు కొట్టేసి, పేరూ ఊరూ రాసి, చివర్లో తాటిచెట్టు గీసింది ఆయనే.