లసుమవ్వ చూసిన ఫైలు

“దరఖాస్తు పెట్టినోళ్లే లోపలికి రావాలె. నువ్వు బయటనే కూసో,” అంటూ గుమాస్తా జగదీశ్ ఆఫీసు గుమ్మానికి అడ్డంగా చెయ్యి పెట్టాడు.

లసుమవ్వ వెనకే వచ్చిన ఆమె మరిది సాయిలు ఆగిపోయాడు. “మా వదిన ఒక్కతె ఏం జేస్తది సారూ? నేను పక్కకుంటే...”

“ఫైలు అడిగింది ఆమె. చూసుడు గూడ ఆమెనే చూడాలె. రూలు.”

అలాంటి రూలేమీ లేదని జగదీశ్‌కు తెలుసు. కానీ జేబులో రెండు పెన్నులు పెట్టుకొచ్చిన మగమనిషి కంటే, బీడీలు చుట్టుకునే ముసలమ్మ నయమనిపించింది.

“నువ్వు చాయ తాగి రాపో సాయిలూ. నేను చూసుకుంట,” అంది లసుమవ్వ.

ఇండ్ల జాగల ఫైలు అది. సమాచార హక్కు కింద ఆమె దరఖాస్తు ఇచ్చింది జగిత్యాలలో. ఆ దరఖాస్తు అక్కడే ఉంది, ఈ మండలాఫీసుకు వచ్చింది మాత్రం ఒక ఉత్తర్వే. ఫైలు ఆమె ముందు పెట్టాలి, అడిగిన పేజీకి నకలు ఇవ్వాలి.

ఆ ఫైలులో ఒక పేరును బ్లేడుతో గీకి, దాని మీద ఇంకో పేరు రాసింది జగదీశే. పేజీలకు నంబర్లున్నాయి కాబట్టి తీసి పారేయడానికి లేదు. వచ్చే వారం సిరిసిల్లకు బదిలీ. ఈ ఒక్క పూట గడిస్తే చాలు.

లసుమవ్వ కుర్చీని కిటికీ దగ్గరకు జరుపుకుంది. కళ్లద్దాలు కొంగుతో తుడిచి పెట్టుకుంది. మొదటి కాగితాన్ని వేళ్లతో నిమిరి, తునికాకులో చిల్లి వెతికినట్టు వెలుతురుకు పట్టి చూసింది. తర్వాత రెండోది.

“అవ్వా, గట్ల చూస్తే ఎప్పటికైతది? ఏం గావాల్నో చెప్తే నేనే తీసిస్త గద.”

“మీకెందుకు కష్టం సారూ. మీ పని మీరు చేసుకోండ్రి. ఇయ్యాల ఆకు నానవెయ్యకనే అచ్చిన.”

“ఇంతకు నీ అనుమానమేంది?”

“గ్రామసభల మా ఆయన పేరు సదివిండ్రు. చిన్నయ్య అని నా చెవులార ఇన్న. జాగ మాత్రం బక్కయ్యకు వోయింది. ఆయన పాయె, నేను కిరాయింట్ల ఉండవడితి. గిదెట్లయిందో చూద్దామని.”

ఆమె మళ్లీ ఫైలులో పడింది. జగదీశ్ ఏదో రాస్తున్నట్టు నటించాడు. కాగితం తిప్పిన ప్రతిసారీ ఆమె కళ్లద్దాల పైనుంచి అతని వైపు ఒక చూపు చూస్తోంది. ఎవరో గట్టి వకీలు దగ్గర నేర్చుకొచ్చింది, అనుకున్నాడతను.

ఆ పేజీ రానే వచ్చింది. అతని పెన్ను ఆగింది. సీసా ఎత్తి నీళ్లు తాగాడు.

లసుమవ్వ అతన్ని చూసింది. కాగితాన్ని పైకెత్తింది. ఒక్కచోట వెలుతురు ఇవతలికి వచ్చింది. సరిగ్గా అక్కడే వేలు పెట్టింది.

“సారూ, గిట్ల రాండ్రి. గీడ ఏం రాసున్నదో జెర మీ నోటితోని చెప్పుండ్రి.”

“ఏం, నీకు కనవడ్తలేదా?”

“కనవడ్తంది. మీరు చెప్తే ఇందామని.”

జగదీశ్ లేచి వచ్చాడు. తన నోటితోనే చెప్పించి సాక్ష్యం కూడగట్టుకుంటోంది. అంతా కళ్లముందే పెట్టుకున్న మనిషితో అబద్ధమాడితే, ఆ అబద్ధం కూడా జగిత్యాలకు పోతుంది.

“బక్కయ్య,” అన్నాడు.

“గీకకముందు?”

జగదీశ్ గుమ్మం వైపు ఒకసారి చూశాడు.

“చిన్నయ్య.”

“ఎవలు గీకిండ్రు?”

“మెల్లగ మాట్లాడవ్వా.” అతను ఆమె ఎదురు కుర్చీలో కూలబడ్డాడు. “పేరు మార్చుమని బక్కయ్య నా పానం దీసిండు, నేనే చేసిన. గిది బయటవడితే నా నౌకరి పోతది. నీ జాగ నీకు రావాలె, అంతే గద?”

“అంతే.”

“పేరు తప్పువడ్డదని ఇప్పుడే నోటు రాస్త. గ్రామసభ తీర్మానం జోడించి పెద్దసారు ముందు వెడ్త.”

“వెట్టుండ్రి. గా నోటు నకలు, గీ పేజీ నకలు, రెండింటి మీద ముద్ర గొట్టి నాకియ్యుండ్రి.”

మధ్యాహ్నానికి నోటు మీద పెద్దసారు సంతకం అయింది. నకళ్ల మీద ముద్రలు పడ్డాయి. జగదీశ్ మొహం తుడుచుకున్నాడు. ఆ సాయిలునే లోపలికి రానిచ్చి ఈమెను బయట కూర్చోబెట్టాల్సింది. మనిషిని అంచనా వేయడంలో ఎంత పొరబడ్డాడు.

“నకళ్లు ముట్టినట్టు గీడ సంతకం వెట్టవ్వా,” అని పెన్ను మూత తీసి అందించాడు.

లసుమవ్వ పెన్నును పక్కకు జరిపి, ఎడమ బొటనవేలు చాచింది.