వెలి

సైరన్ మోగగానే బాలన్న ఈసారీ బయటికే నడిచాడు.

"ఏడికి పోతున్నవే బాలన్నా?" జనార్దన్ అడ్డం నిలబడ్డాడు.

"నాకు వేరే జాగ ఉన్నది. మీరు తలుపేసుకోండ్రి."

"మరి నీ మాస్కు?"

"ఆడనే పెట్టుకున్న."

సౌదీలో తబూక్ దగ్గరి తోటలో పనిచేసే ఆ పన్నెండు మందికీ ఒకటే గది. యుద్ధం మొదలైన మర్నాడే, విషవాయువు భయంతో కిటికీలకు ప్లాస్టిక్ అంటించారు. స్టోరు నుంచి మాస్కుల సంచి మోసుకొచ్చి, తలా ఒకటి చేతిలో పెట్టింది బాలన్నే. అందరికంటే పెద్దవాడు, జట్టుకు మేస్త్రీ.

మాస్కులో జనార్దన్‌కు తన ఊపిరే పెద్దగా వినిపించింది. మేనేజరు బంగళా కింద నేలమాళిగ ఉందట. ఇంకెక్కడికి పోతాడు? ఒక్కడే బతుకుదామని.

మర్నాడు పొయ్యి దగ్గర జనార్దన్ తేల్చేశాడు. "ఆయనకు ఇగ వంట వంతు లేదు. మన పళ్లెంల చెయ్యి పెట్టనియ్యద్దు, మాట్లాడద్దు. వెలి."

"వెలి అంటే ఏంది?" అన్నాడు కుమార్. బొంబాయిలో పుట్టి పెరిగినవాడు.

"వెలి అంటే బయట. మా తాతల కాలంల తప్పు చేసినోన్ని నిజంగనే ఊరి బయటికి తోలేటోళ్లు. తర్వాత తర్వాత ఊళ్లెనే ఉంచి నిప్పు, నీళ్లు బంద్ చేసిండ్రు. మాట మాత్రం అదే ఉండిపోయింది."

బాలన్న గోడవైపు తిరిగి రొట్టె తిన్నాడు. సైరన్ మోగినప్పుడల్లా లేచి వెళ్లాడు. ఒకసారి వీపంతా ఇసుకతో తిరిగొచ్చాడు.

"మేనేజరు పరుపు మీద ఇసుక పోసుకుంటడు కావచ్చు," అన్నాడు జనార్దన్. అందరూ నవ్వారు.

యుద్ధం ఆగింది. మాస్కులు వెనక్కి తీసుకోవడానికి స్టోరు కీపర్ గులాం మొహిద్దీన్ వచ్చాడు. హైదరాబాదువాడు. బాలన్న అప్పుడు మోటారు దగ్గర ఉన్నాడు. మొహిద్దీన్ ఒక్కొక్కటే ఎంచి సంచిలో వేసుకున్నాడు. పదకొండు.

జనార్దన్ ఇన్నాళ్లూ ఎదురుచూసింది దీనికోసమే. కంపెనీ సామాను దాచినవాడిని ఇంటికి పంపకుండా ఉంచరు.

"ఒకటి తక్కువున్నది భాయ్. బాలన్న దాసుకున్నడు. మేనేజరుకు చెప్పు."

మొహిద్దీన్ సంచి మూతి ముడివేస్తూ, "తక్కువెక్కడిది భాయ్, నేను బాలన్నకిచ్చిందే పదకొండు" అన్నాడు.