గోడ మీది అంకె

అమెరికా విశ్వవిద్యాలయంలో సీటొచ్చే అవకాశం ఎంతో చెప్పే పలక ఆనాటికి ప్రతి విద్యార్థి ఇంటి గోడకూ వచ్చేసింది. ఇంట్లో ఎవరేం చేసినా అందులోని అంకె మారుతుంది. ఖమ్మంలో సుమేధ వాళ్ళింట్లో గట్టిగా పోట్లాడుకోవడం కూడా మానేశారు.

ఆ సాయంత్రం స్నేహితురాలు నజ్మా వచ్చి తలుపు బాదింది. కాలేజీ నిరసన ఊరేగింపులో పోలీసుల లాఠీ దెబ్బలు తిన్నది.

"తలుపు తియ్యవే సుమేధా, నెత్తురు ఆగుతలేదు!"

సుమేధ లేవగానే అంకె జారడం మొదలైంది.

"తియ్యకు బిడ్డా, మొత్తం పోతది," అంటూ అమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది.

సుమేధ గడియ దగ్గరే నిలబడిపోయింది. బయట అడుగులు ఈడ్చుకుంటూ దూరమయ్యాయి. అంకె ఎన్నడూ లేనంత పైకెక్కింది. అమ్మ సంతోషంతో కళ్ళొత్తుకుంది. అది ఎందుకు పెరిగిందో తెలిసి సుమేధ పలక నుంచి మొహం తిప్పుకుంది.