గత్తరమ్మ గంప

బండికి అడ్డంగా ఒక మనిషి వచ్చి నిలబడ్డాడు.

కురుమూర్తి పగ్గాలు బిగబట్టాడు. ఎడ్లు బుసకొట్టి ఆగాయి.

"ఎవడ్రా నువ్వు? జరుగు పక్కకు!"

ఆ మనిషి కదలలేదు. పలకలేదు.

1943 ఎండాకాలం. మిట్టమధ్యాహ్నం. చిన్నప్పుడే గద్వాల చేరిన అన్నదమ్ములు దశరథం, కురుమూర్తి సొంతూరికి వస్తున్నారు. నిరుడు పోయిన నాయనమ్మ జములమ్మకు రేపు ఏడాది మాసికం. దశరథం భార్య లక్ష్మీదేవమ్మ బండిలో కూర్చుని ఉంది.

ఊరు ఎదురుగానే కనిపిస్తోంది. మొదటి ఇళ్ల ముందు దారికి అడ్డంగా ఏదో పచ్చని తోరణం.

"ఎవలింట్లనో పెండ్లి ఉన్నట్టుంది" అని అంతకుముందే నవ్వాడు దశరథం.

ఇప్పుడు అతని ముఖంలో నవ్వు లేదు.

ఆ మనిషి ఒంటిమీద గోచి తప్ప ఏమీ లేదు. రొమ్ము నిండా నెత్తురు మరకలు. నెత్తిమీది గంపను మెల్లగా కింద పెట్టాడు.

లక్ష్మీదేవమ్మ మెడ చాచి గంపలోకి చూసింది. ఎర్రచీర. పగిలిన గాజులు. నెత్తురు అంటిన కొడవలి.

"ఏమయ్యా! వీడెవలో ఆడమనిషిని నరికిండు!"

మల్దకల్ దారిలో వారం కిందటే దొంగలు ఒక బండిని ఆపారు. కమ్మల కోసం ఒకామె చెవులు తెంపారు. గద్వాలలో అందరి నోటా అదే మాట.

ఆ మనిషి ఊరివైపు చెయ్యి చూపాడు. తర్వాత తన కడుపు మీద అడ్డంగా చెయ్యి గీశాడు. బండివాళ్లను ఒక్కొక్కరినే వేలెత్తి చూపాడు.

"కడుపు కోస్తనంటుండు!" లక్ష్మీదేవమ్మ కెవ్వున అరిచింది.

కురుమూర్తి బండి గుంజ ఊడబీకి కిందికి దూకాడు.

మొదటి దెబ్బ భుజం మీద పడింది. ఎముక విరిగిన చప్పుడు ముగ్గురికీ వినపడింది.

ఆ మనిషి అరవలేదు. రెండో చేత్తో ఎద్దు ముకుతాడు పట్టుకుని వెనక్కి నెట్టాడు.

"ఇడువ్‌రా లంగా!"

రెండో దెబ్బకు మోకాలు విరిగింది. అయినా పాక్కుంటూ వచ్చి చక్రాన్ని కావలించుకున్నాడు. పళ్ల మధ్య పెదవి చీలి, గడ్డం మీదుగా నెత్తురు కారింది.

దశరథం దిగి డొక్కలో తన్నాడు. "చీరెవరిది? ఆమెనేడ పారేసినవ్? చెప్పు!"

జవాబు లేదు.

"మూగోడు గావచ్చన్నా."

"మూగోడైతే ఏంది? దొంగోడే గద! కొట్టు!"

మూడో దెబ్బ తల మీద పడింది.

చక్రం మీది చేతులు వదులయ్యాయి.

లక్ష్మీదేవమ్మ కేకకు ఊళ్లో తలుపులు ఒక్కొక్కటే తెరుచుకున్నాయి. జనం పరుగున వచ్చారు. తోరణం దగ్గరికి రాగానే గోడకు గుద్దుకున్నట్టు ఆగిపోయారు. అందరికన్నా ముందు పెంటయ్య ఉన్నాడు. జములమ్మ చిన్న కొడుకు, ఈ అన్నదమ్ములకు చిన్నాయన.

"రాకుర్రి! ఆడనే ఉండుర్రి! ఊర్ల గత్తరుంది!"

దశరథం నిలబడిపోయాడు.

"వాంతులు, ఇరేచనాలు! ఇంటికొకర్ని బొందవెడుతున్నం. మీకు కబురంపుదమంటె ఊరు కట్టేసినం. బయటికి పోయేది లేదు, లోపలికొచ్చేది లేదు. గా తోరణం జూసి గూడ తెల్వలేదార? గవి మామిడాకులు గావు, వేపమండలు!"

"దొంగ దొరికిండు చిన్నాయనా. ఎవలో ఆడమనిషిని సంపి..."

"నోర్ముయ్! చీర అమ్మవారిది. గాజులు అమ్మవారివి. నెత్తురు మేకపోతుది. గత్తరమ్మను గంపల వెట్టి సాగనంపుతున్నం. అమ్మ పొయ్యేటప్పుడు ఎవలం జూడొద్దని తలుపులేసుకున్నం!"

కురుమూర్తి చేతిలోని గుంజ జారిపడింది.

"మరి మమ్మల్ని ఎందుకాపిండు?"

"లోపలికొస్తె మీరు గూడ సస్తరని!" పెంటయ్య రొమ్ము బాదుకున్నాడు. "గంప పొలిమేర రాయి దాటేదాంక మోసేటోడు నోరిప్పొద్దు. ఒక్క మాటన్నా అమ్మ మళ్ల ఊర్లకే మర్లుతది. వాని బిడ్డ తిమ్మమ్మ గుడ్లు తేలేసి పడుంది. అందుకే నేనెత్తుకుంటనని ముందలికొచ్చిండు."

తోరణం అవతల ఆడవాళ్లు గొల్లుమన్నారు. ఒక్కరూ దాన్ని దాటలేదు.

లక్ష్మీదేవమ్మ బండి దిగింది. ఎవరి వంకా చూడలేదు. గంప ఎత్తి నెత్తిన పెట్టుకుంది. పెదాలు బిగించి, వచ్చిన దారిలోనే పొలిమేర రాయి వైపు నడిచింది.

దశరథం ఆమెను పిలవబోయి ఆగాడు. కింద పడి ఉన్న మనిషి పక్కన కూలబడి, నెత్తుటి తలను ఒడిలోకి తీసుకున్నాడు. ఊపిరి లేదు.

"ఒక్క మాట చిన్నాయనా! ఒక్క మాటంటె మేం కట్టె ఎత్తకపోదుము. ఒక్కసారన్నా మూలగలేదు. నిజంగనే మూగోడనుకున్నం!"

పెంటయ్య తోరణం గుంజ పట్టుకుని మెల్లగా కిందికి జారాడు.

"నిరుడు మీ అవ్వ జములమ్మ సచ్చిననాడు మిద్దెక్కి కేకేస్తె నాలుగూర్ల జనం కదిలొచ్చిండ్రు, గా గొంతు వీనిదేరా... మన దండోరా నాగప్పది."